మండల ప్రణాళికలో డిజిటల్ లక్ష్యాలు: ‘వంద శాతం’ అని కాకుండా ఏం రాయాలి, ఎలా కొలవాలి?

పెన్నాతీరం:

నమస్తే అండీ. మాది ఆంధ్రప్రదేశ్‌లో 21 పంచాయతీల మండలం. 2030 నాటికి మండలం ఎక్కడుండాలో చెప్పే ప్రణాళిక తయారవుతోంది. అందులో డిజిటల్ అధ్యాయం ముసాయిదా రాసే పని మా బృందానికి అప్పగించారు. ఇప్పటికి కాగితం మీద ఉన్న లక్ష్యాలు ఇవి:

– పంచాయతీలన్నిటికీ ఫైబర్, వంద శాతం
– వంద శాతం డిజిటల్ అక్షరాస్యత
– సేవలన్నీ ఆన్‌లైన్‌లోనే
– ఇంటింటికీ ఇంటర్నెట్

మొదటి లక్ష్యాన్ని కాగితాల ప్రకారం ఎప్పుడో సాధించేశాం. 21 పంచాయతీ భవనాల్లోనూ భారత్‌నెట్ (పంచాయతీలకి ఫైబర్ ఇచ్చే కేంద్ర పథకం) పెట్టె గోడకి ఉంది. కొన్నిచోట్ల ఆకుపచ్చ లైటు, కొన్నిచోట్ల ఎర్ర లైటు, కొన్నిచోట్ల ప్లగ్గే పీకేసి ఉంది. గ్రామ సచివాలయం సిబ్బంది చాలాచోట్ల సొంత ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తున్నారు. అలాంటప్పుడు ‘వంద శాతం ఫైబర్’ అని మళ్లీ రాయడంలో అర్థం లేదు.

నేషనల్ బ్రాడ్‌బ్యాండ్ మిషన్ 2.0లో 2030కి 95 శాతం అప్‌టైమ్ (లైన్ పనిచేస్తూ ఉన్న సమయం) అని ఉంది కదా, దాన్నే మా మండలానికి దించుకుంటే సరిపోతుందా? మిగతా మూడింటికి ఏ కొలమానం పెట్టాలి? మా చేతిలో ఉన్నది పంచాయతీ నిధులు, సచివాలయం సిబ్బంది, నెలకోసారి జరిగే మండల సమావేశం మాత్రమే. మేం నిజంగా కొలవగలిగినవి చెప్పండి.

---

తీగలపని:

పెన్నాతీరం గారూ, ముందు ఆ 95 శాతం సంగతి చూద్దాం.

30 రోజుల నెలకి 720 గంటలు. అందులో 5 శాతం 36 గంటలు. సచివాలయం రోజుకి 7 గంటల చొప్పున 25 రోజులు పనిచేస్తే 175 గంటలు. అంటే ఐదు పనిదినాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా లైన్ చచ్చిపడి ఉన్నా, రాత్రిళ్లూ ఆదివారాలూ బాగుంటే నివేదికలో 95 శాతం దాటేస్తుంది. జాతీయ స్థాయిలో ఆ అంకెని తప్పు పట్టలేం. ఫైబర్ దాదాపు 50 వేల గ్రామాల నుంచి 2.70 లక్షల గ్రామాలకి వెళ్లాలన్న లక్ష్యం అది, అందులో అడవులూ కొండలూ ఉన్నాయి. మండలానికి మాత్రం అది పనికిరాదు. మీరు పనిగంటల్లోనే కొలవండి: ‘ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు, పనిదినాల్లో, పంచాయతీ భవనంలో లైన్ అందిన గంటల శాతం.’ మొదటి ఏడాది 90, మూడో ఏడాదికి 95, 2030కి 98 అని మెట్లు పెట్టుకోవచ్చు. 98 అంటే నెలకి మూడున్నర పనిగంటలు పోవచ్చన్నమాట. దానితో పాటు రెండో గీత కూడా గీయండి: ఏ ఒక్క అంతరాయమూ వరసగా 8 పనిగంటలు దాటకూడదు. సగటు ఒక్కటే ఉంటే 20 పంచాయతీలు బాగుండి, ఒకటి నెలంతా చీకట్లో ఉన్నా అంకె 95 దాటుతుంది. అందుకే మండల సగటుతో పాటు ‘90కి తగ్గిన పంచాయతీలు ఎన్ని’ అన్నది విడిగా రాయాలి.

భారత్‌నెట్ ఎందుకు ఇలా ఉందో తెలిస్తే ఏం రాయాలో తేలిగ్గా అర్థమవుతుంది. 2011 అక్టోబరులో ఆమోదం పొందినప్పుడు దాని గడువు రెండేళ్లు, లక్ష్యం దాదాపు 2.5 లక్షల పంచాయతీలు. తొలి లక్ష పంచాయతీలు పూర్తయ్యేసరికే 2017 డిసెంబరు వచ్చింది. లెక్కించినవేమో వేసిన కేబుల్ కిలోమీటర్లు, ‘సర్వీస్ రెడీ’ అయిన పంచాయతీలు. ఒకసారి పరీక్షలో లైటు వెలిగితే ఆ జాబితాలో చేరుతుంది. ఆర్నెల్ల తర్వాత వెలుగుతోందా లేదా అన్నది ఆ జాబితాకి అక్కర్లేదు. 2023 ఆగస్టు 4న కేంద్ర కేబినెట్ ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో (రూ.1,39,579 కోట్లు) ఈ లోపం కొంత సరిదిద్దారు. పంచాయతీలను రింగ్ పద్ధతిలో కలపడం, వేసిన సంస్థే పదేళ్లు నిర్వహించడం, లైన్ ఎంతసేపు నిలబడిందన్నదాన్ని బట్టి చెల్లింపు. మీ ప్రణాళికా కాలమంతా ఆ పదేళ్ల నిర్వహణ కిందే నడుస్తుంది కాబట్టి మీ కొలతలు నేరుగా అక్కడ ఉపయోగపడతాయి.

ఇక గోడ మీది పెట్టె. దాని పేరు ఓఎన్‌టీ, ఫైబర్‌లో వచ్చే కాంతిని ఇంటర్నెట్‌గా మార్చేది. మండల కేంద్రంలోని ఎక్స్ఛేంజీలో ఉండి ఆ కాంతిని పంపేది ఓఎల్‌టీ. మీరు చూసిన మూడు రకాల పెట్టెలకి మూడు వేర్వేరు జబ్బులు.

ప్లగ్ పీకేసి ఉన్నవి: ఇది నెట్‌వర్క్ సమస్య కాదు, భవనం సమస్య. సాయంత్రం తాళం వేసేటప్పుడు మెయిన్ ఆఫ్ చేసి వెళ్తారు, పొద్దున వేసినప్పుడు ఫ్యాన్ల లైనే వేస్తారు. లేదా బిల్లు బకాయితో కరెంటు కట్ అయి ఉంటుంది. ఓఎన్‌టీకి, వైఫై రౌటర్‌కి విడిగా ఒక ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) పెట్టించి, దాని మీద ‘ఆపరాదు’ అని రాయించండి. చాలాచోట్ల ఇంతకుమించి అక్కర్లేదు.

ఎర్ర లైటు (‘లాస్’ అని రాసి ఉంటుంది): కాంతి అందడం లేదు. తెగింది, లేదా బాగా బలహీనపడింది.

ఆకుపచ్చ ఉండి నెట్ రానివి: కాంతి వస్తోంది, కానీ ఓఎల్‌టీ దగ్గర ఆ పంచాయతీకి బ్యాండ్‌విడ్త్ కేటాయింపు జరగలేదు లేదా గడువు తీరింది. దీనికి స్తంభం ఎక్కే మనిషి అవసరం లేదు, ఫిర్యాదు సంఖ్య తీసుకుని వెంటబడే మనిషి కావాలి.

ఈ మూడింటినీ ‘ఫైబర్ పనిచేయడం లేదు’ అనే ఒకే గంపలో వేస్తే ఏదీ బాగుపడదు. నెలవారీ లెక్కలో అంతరాయం గంటల పక్కన కారణం గడి ఉండాలి: కరెంటు, కోత, కేటాయింపు, పరికరం. కరెంటు పోయినప్పుడు ఓఎన్‌టీ ఆరిపోయే క్షణంలో ఒక చివరి సంకేతం పంపుతుంది. కాబట్టి పోయింది కరెంటా కేబులా అన్నది అవతలి కంట్రోల్ సెంటర్‌కి తెలుస్తుంది. వాళ్ల లెక్కలో కరెంటు కోత గంటలు ‘మా బాధ్యత కాదు’ అని తీసేసే అవకాశం ఉంది. మీ లెక్కలో తీయకండి. ధ్రువపత్రం కోసం వచ్చిన మనిషికి లైన్ ఎందుకు లేదన్నది ముఖ్యం కాదు.

తొలి కొలత ఇలా తీయండి. 21 చోట్లకీ ఒక పవర్ మీటర్‌తో వెళ్లి, ఓఎన్‌టీ దగ్గర అందుతున్న కాంతి ఎంతో డీబీఎంలో (కాంతి బలాన్ని కొలిచే ప్రమాణం; దారిలో పోయే నష్టాన్ని డీబీలో లెక్కిస్తారు) రాసుకోవాలి. ఓఎల్‌టీ +3తో పంపుతోందనుకోండి. 12 కి.మీ. కేబుల్‌కి కి.మీ.కి 0.35 చొప్పున 4.2 డీబీ, కాంతిని ఎనిమిది దారులుగా చీల్చే 1:8 స్ప్లిట్టర్‌కి 10.5, ఎనిమిది అతుకులకి 0.8, నాలుగు కనెక్టర్లకి 2. మొత్తం 17.5 పోతే –14.5 దగ్గర అందాలి. సాధారణ ఓఎన్‌టీ –27 దాకా పట్టుకుంటుంది. అంటే కొత్తలో దండిగా వెసులుబాటు ఉంటుంది. జేసీబీ తెంపిన ప్రతిసారీ మధ్యలో ఒక ముక్క వేసి రెండు అతుకులు పెడతారు. ఎండలో, దుమ్ములో, అరిగిపోయిన క్లీవర్‌తో (ఫైబర్ కోసే పనిముట్టు) పెట్టిన అతుకు 0.1 కాదు, 0.5 పైగా తింటుంది. జాయింట్ బాక్సులో ఫైబర్‌ని చిన్న చుట్టగా నొక్కేస్తే ఇంకా పోతుంది. అలా ఏడాదికి రెండు మూడు డీబీ కరిగిపోయి, ఒక రోజు లైన్ మినుకుమినుకుమంటుంది. అందుకే తొలి కొలత కంటే 3 డీబీ తగ్గిన చోటల్లా తెగకముందే ఫిర్యాదు పెట్టాలని రాయండి. స్పీడ్ టెస్టు వైఫై మీద చేయొద్దు, ఓఎన్‌టీకి ల్యాన్ కేబుల్ పెట్టి ఉదయం 11కి, మధ్యాహ్నం 3కి చేయండి.

బ్యాటరీ లెక్క: ఓఎన్‌టీ, రౌటర్, ఒక స్విచ్ కలిపి 40 వాట్లు అనుకుందాం. 6 గంటల కోతకి 240 వాట్-అవర్లు. ఇన్వర్టర్ నష్టం తీసేసి, లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి 12 వోల్టులకి దాదాపు 47 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ సామర్థ్యం) కావాలి. 60 ఏహెచ్ పెడితే రెండో ఏడు తగ్గిపోయినా సరిపోతుంది. దాని మీద ఫ్యాన్, ప్రింటర్ వేయనివ్వకండి. లేజర్ ప్రింటర్ ఒక్కటే వేడెక్కేటప్పుడు మిగతావన్నీ కలిపిన దానికంటే ఎన్నో రెట్లు లాగుతుంది.

చివరగా రింగ్. రెండు దారుల్లో లైన్ వస్తే ఒకటి తెగినా రెండోది ఆదుకుంటుంది. కానీ రెండు దారులూ ఒకే రోడ్డు పక్కన, ఒకే కాలువలో వస్తే ఒక్క జేసీబీ బకెట్‌తో రెండూ పోతాయి. మ్యాప్‌లో ఎన్ని పంచాయతీలకి నిజంగా వేరువేరు రోడ్ల మీద రెండు దారులున్నాయో అడిగి రాసుకోండి. కేబుల్ ఉన్న రోడ్లలో పనికి ముందు గుత్తేదారు ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో నమోదు చేయాలన్న షరతు పంచాయతీ పనుల అనుమతి కాగితంలోనే పెట్టొచ్చు. ఆ యాప్ 2023 మార్చి నుంచి ఉంది. గ్రామ స్థాయిలో నీటి పైపు పనులు చేసేవాళ్లలో చాలామందికి దాని పేరే తెలియదు.

---

దరఖాస్తుదారి:

సేవల లక్ష్యం మీద నేను రాస్తాను.

‘సేవలన్నీ ఆన్‌లైన్’ అన్నది ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు లక్ష్యంగా పెట్టుకోవాల్సిన దశ దాటిపోయింది. ఇ-సేవ 2001లో, మీసేవ 2011లో, సచివాలయాలు 2019 అక్టోబరు 2న వచ్చాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ 161 సేవలతో వాట్సాప్‌లో మొదలైంది. దరఖాస్తు పెట్టే తలుపులు చాలానే ఉన్నాయి. తలుపు లోపల ఏం జరుగుతోందన్నదే మీరు కొలవాల్సింది.

మీసేవ నాటి నుంచీ సేవలు రెండు రకాలు. ‘ఎ’ కేటగిరీ అక్కడికక్కడే ముద్రించి ఇచ్చేవి, ‘బి’ కేటగిరీ విచారణ చేసి గడువులోగా ఇచ్చేవి. ‘ఎ’కి కావాల్సింది లైన్. ‘బి’లో ఆలస్యం లైన్ వల్ల కాదు, వీఆర్వో, ఆర్‌ఐ, తహసీల్దారు లాగిన్ల మధ్య ఫైలు కూర్చోవడం వల్ల. ఈ రెండింటినీ కలిపి ఒక్క శాతం రాస్తే ‘ఎ’ రకం సంఖ్య పెద్దది కాబట్టి ‘బి’ ఆలస్యం దాని కింద మాయమైపోతుంది. విడివిడిగా పెట్టండి.

‘గడువులోగా పరిష్కారం: 98 శాతం’ లాంటి అంకెని చూసి మురిసిపోవద్దు. గడువు చివరి రోజున ‘పత్రాలు సరిగా లేవు’ అని తిరస్కరిస్తే ఆ దరఖాస్తు గడువులోగా పరిష్కారమైనట్టే నమోదవుతుంది. మనిషి మళ్లీ దరఖాస్తు పెడితే కొత్త గడియారం మొదలవుతుంది. కాగితం మీద రెండూ సకాలంలో పూర్తయినవే. ఆ కుటుంబానికి మాత్రం రెట్టింపు రోజులు, రెట్టింపు రుసుము. దీన్ని పట్టుకోవడానికి మూడు కొలతలు చాలు:

ఒకటి, ఆమోదం పొందిన దరఖాస్తుల్లో పదింటికి తొమ్మిది ఎన్ని రోజుల్లో చేతికొచ్చాయి. సగటు వద్దు. ఒకే రోజు వచ్చినవీ 40 రోజులు పట్టినవీ కలిసి సగటు చూడ్డానికి బాగుంటుంది.

రెండు, తిరస్కరణ శాతం, అందులోనూ గడువు చివరి రెండు రోజుల్లో జరిగినవి ఎన్ని.

మూడు, అదే సేవకి అదే కుటుంబం 60 రోజుల్లో మళ్లీ పెట్టిన దరఖాస్తులు. ఈ సంఖ్య తగ్గితే నిజంగా బాగుపడుతున్నట్టు.

మీ మండలం చేతిలో ఉన్న పని ఒకటుంది. తిరస్కరణ కారణాలను నెలకోసారి రాసి, పైన ఉన్న రెండు కారణాలను పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టండి. తరచూ కనిపించేవి ఇవే: ఆధార్‌లో ఒక పేరు రేషన్ కార్డులో ఇంకో పేరు, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా, పెళ్లయ్యాక మారని చిరునామా, ఆధార్‌కి ముడిపడిన ఫోన్ నంబరు ఎప్పుడో రద్దయి ఓటీపీ ఎక్కడికీ రాకపోవడం. చివరిదాన్ని దరఖాస్తు సమస్యగా కాక ముందస్తు పనిగా పెట్టుకోవచ్చు. ‘2027 లోపు ప్రతి పంచాయతీలో ఆర్నెల్లకోసారి ఆధార్ నవీకరణ శిబిరం, నంబరు తప్పిన కుటుంబాల జాబితా సగానికి తగ్గాలి’ అని రాస్తే అది కొలవదగ్గ లక్ష్యం, మిగతా సేవలన్నీ దాని మీద ఆధారపడినవే.

వేలిముద్ర పడని ముసలివాళ్లు, ఉపాధి పనుల్లో చేతులు అరిగినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ‘కాగితం లేకుండా’ అన్న మాటని మీ ముసాయిదా నుంచి తీసేయమని గట్టిగా కోరుతున్నాను. కంటిపాప స్కానర్ ప్రతి సచివాలయంలో పనిచేసే స్థితిలో ఉండాలి, అది కూడా విఫలమైతే చేతిరాత రిజిస్టరు మీద సేవ ఇచ్చి తర్వాత ఎక్కించాలి. అలా రిజిస్టరు మీద ఎన్ని ఇచ్చారో కూడా లెక్కలో ఉండాలి. ఆ అంకె సున్నా అని నివేదిక వస్తే సంతోషించొద్దు, వాళ్లని వెనక్కి పంపేస్తున్నారేమో వెళ్లి చూడండి.

---

పెన్నాతీరం:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. కారణం గడి, మళ్లీ పెట్టిన దరఖాస్తుల లెక్క రెండూ ముసాయిదాలో చేర్చేస్తున్నాం. అక్షరాస్యత సంగతే ఇంకా తెగలేదు. ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరత కింద మా దగ్గర శిక్షణ పొందినవాళ్ల జాబితా ఉంది, దాన్నే తొలి అంకెగా పెట్టుకోవచ్చని ఒక వాదన నడుస్తోంది.

---

లెక్కాపత్రం:

ఆ జాబితాని తొలి అంకెగా పెట్టుకోకండి. ఆ పథకం ఇంటికి ఒక్కరికి 20 గంటల శిక్షణ ఇచ్చింది. 6 కోట్ల లక్ష్యానికి 6.39 కోట్ల మందికి శిక్షణ పూర్తిచేసి 2024 మార్చి 31న ముగిసింది. శిక్షణగా దాని లక్ష్యం అది దాటింది. కానీ ఇంటికి ఒకరు అన్నప్పుడు ఆ ఒకరు ఎవరు? ఎక్కువగా ఆ ఇంట్లో చదువుకునే పిల్లో పిల్లవాడో. వాళ్లకి ఆ శిక్షణ అవసరం అందరికంటే తక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో అసలు లోటు ఎక్కడుందో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో 26.5, 57.4. దేశ సగటులో మహిళలు 33.3 శాతం. అంటే రెండు రాష్ట్రాలూ మహిళల విషయంలో దేశ సగటు కంటే కింద ఉన్నాయి. ఆ తర్వాత పరిస్థితి మారి ఉంటుంది, కానీ మారిందని అనుకుని వదిలేయకుండా కొలవాలి. మీ లక్ష్యంలో ‘ఆడ–మగ తేడా’ ఒక వరసగా ఉండకపోతే మండల సగటు పెరిగినా ఆ తేడా అలాగే మిగిలిపోతుంది.

నిర్వచనం ముందు తేల్చండి. ఐరోపా సమాఖ్య 2030కి 80 శాతం మందికి కనీస డిజిటల్ నైపుణ్యం అని పెట్టుకుంది, 2023లో వాళ్లు 55.6 శాతం దగ్గర ఉన్నారు. సంపన్న దేశాలు కూడా వంద అని రాయలేదన్నది ఒక సంగతి. దానికంటే మనకి పనికొచ్చేది వాళ్ల కొలత పద్ధతి. ‘మీకు వచ్చా’ అని అడగరు. సమాచారం వెతకడం, ఇతరులతో మాట్లాడడం, ఏదైనా తయారుచేయడం, భద్రత, సమస్య పరిష్కారం అనే ఐదు విభాగాల్లో ప్రతిదాంట్లో కనీసం ఒక పని గత మూడు నెలల్లో చేశారా అని అడుగుతారు. కేరళ ఇంకో దారి పట్టింది. 83 లక్షలకు పైగా కుటుంబాల్ని ముందు సర్వే చేసి, రాని 21.88 లక్షల మందిని పేరుపేరునా గుర్తించి, వాళ్ల దగ్గరికే వాలంటీర్లని పంపి నేర్పించి, పరీక్షించి 2025 ఆగస్టు 21న సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత ప్రకటించుకుంది. తిరువనంతపురం జిల్లాలోని పుల్లంపార అనే ఒక్క పంచాయతీలో మొదలైన పని అది. మీకు పంచాయతీ స్థాయి నమూనా కావాలంటే చూడాల్సింది దాన్నే.

మీ మండలానికి ఐదు పనుల పరీక్ష చాలు, ఫోన్ చేతికిచ్చి చేయించాలి, నోటితో అడగొద్దు:

– వాట్సాప్‌లో గొంతు సందేశం పంపడం
– ‘మన మిత్ర’ తెరిచి ఒక దరఖాస్తు ఏ దశలో ఉందో చూడడం
– యూపీఐలో ఒక రూపాయి పంపే ముందు అవతలి పేరు చదివి చెప్పడం
– ‘డబ్బు రావాలంటే పిన్ నొక్కండి’ అని వచ్చిన నమూనా సందేశం చూపిస్తే అది మోసమని గుర్తించడం (డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని తెలియాలి)
– డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని తెలిసి ఉండడం

ఐదులో నాలుగు చేస్తే లెక్కలోకి. చివరి రెంటిలో ఏ ఒక్కటి రాకపోయినా, మిగతా నాలుగూ వచ్చినా లెక్కలోకి రాదు. ఎందుకంటే పంపడం మాత్రమే నేర్పి కాపాడుకోవడం నేర్పకపోతే ఆ మనిషికి మేలు కంటే కీడే ఎక్కువ.

ఎంతమందిని పరీక్షించాలి? పంచాయతీకి 20 ఇళ్లు, ఇంటికి ఒక వయోజనుడు, మొత్తం 420 మంది. మామూలు లెక్క ప్రకారం తప్పు హద్దు ఐదు పాయింట్లు అటూ ఇటూ. ఒకే ఊళ్లో మనుషులు ఒకేలా ఉంటారు కాబట్టి అసలు హద్దు ఏడుకి దగ్గర. రెండు సర్వేల్ని పోల్చేటప్పుడు రెండింటి తప్పులూ కలుస్తాయి, అంటే దాదాపు పది పాయింట్ల లోపు తేడాని మీ సర్వే పట్టలేదు. కాబట్టి ‘ఏడాదికి 4 శాతం పెరగాలి’ అని రాయకండి, అది కొలవలేని లక్ష్యం. రెండేళ్లకోసారి సర్వే, ప్రతిసారీ కనీసం 12 పాయింట్లు అని పెట్టండి. ఒక్కో పంచాయతీకి విడిగా శాతాలు ప్రకటించొద్దు. 20 మంది మీద తీసిన శాతం 20 పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది, దాన్ని పట్టుకుని సర్పంచుల మధ్య తగువులు తప్ప ఏమీ రావు.

ఇంట్లో ఎవరిని పరీక్షించాలన్నది సర్వే చేసేవాళ్లకి వదిలేస్తే పరుగున వచ్చి తలుపు తీసిన కుర్రాడే నమూనా అవుతాడు. 18 దాటినవాళ్లందరి పేర్లు వయసు వరసలో రాసి, ముందే ఇచ్చిన చిట్టీ ప్రకారం ఒకరిని ఎంచుకోవాలి. ఆ మనిషి పొలంలో ఉంటే సాయంత్రం మళ్లీ వెళ్లాలి, పక్కవాళ్లని పెట్టుకోకూడదు. ఆధార్ నంబర్లు రాసుకోవద్దు, ఈ సర్వేకి వాటి అవసరమే లేదు.

‘ఇంటింటికీ ఇంటర్నెట్’ గురించి ఒక్క మాట. వందమందికి ఇన్ని కనెక్షన్లు అని వచ్చే అంకెల్లో లెక్కించేది మనుషుల్ని కాదు, చందాల్ని. ఒకే జేబులో రెండు సిమ్‌లుంటే రెండు. గ్రామాల్లో వందకి 45 నుంచి 60కి పెంచాలన్న జాతీయ లక్ష్యాన్ని మీ మండలానికి దించితే ఏమీ తెలియదు. పై సర్వేలోనే ‘సొంతంగా వాడుకునే స్మార్ట్‌ఫోన్ ఉందా’ అని అడిగి ఆడా మగా విడివిడిగా రాయండి.

---

ఉత్తరాంధ్ర_లైన్:

తీగలపని గారు రాసినదాంట్లో చాలావరకు భూగర్భ కేబుల్‌కి వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్లలోకి వచ్చే ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీద వేలాడేది. 24 కోర్ల కేబుల్‌ని స్తంభాల మీదుగా లాగి, 2017 డిసెంబరులో రూ.149 ప్యాకేజీతో రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్ మొదలుపెట్టారు. తవ్వకం లేదు కాబట్టే అంత తొందరగా, అంత తక్కువలో అయింది. దాని జబ్బులు వేరు. విద్యుత్ సంస్థ స్తంభం మార్చినప్పుడు, తీగలు పెంచినప్పుడు, కొమ్మలు కొట్టినప్పుడు కేబుల్‌ని విప్పి కింద వదిలేస్తారు, మీద నుంచి ట్రాక్టర్ వెళ్తుంది. తుపానులో స్తంభంతో పాటే పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీకి శ్రీకాకుళం జిల్లాలో వేల స్తంభాలు నేలకూలాయి.

అందుకని 8 పనిగంటల హద్దు కోస్తా మండలాలకి మామూలు రోజుల్లో సరే, తుపాను రోజుల్లో సాధ్యం కాదు. దాన్ని మినహాయింపు అని తీసేయకుండా ‘కరెంటు తిరిగి వచ్చిన 48 గంటల్లోపు ఫైబర్’ అని విడి లక్ష్యంగా రాస్తే బాగుంటుంది. స్తంభం నిలబెట్టే ముఠా, కేబుల్ కట్టే ముఠా కలిసి కదిలితే అది వీలవుతుంది. కలవకపోతే వారాలు పడుతుంది.

రింగ్ విషయంలో కూడా: రెండు దారులూ ఒకే 11 కేవీ లైన్ స్తంభాల మీద ఉంటే అది రింగ్ కాదు.

---

తీగలపని:

అవును, స్తంభాల మీది లైన్లకి ఉత్తరాంధ్ర_లైన్ గారు చెప్పిన 48 గంటల హద్దే సరైనది. నేను ఒప్పుకోనిది ఒక్కటే: మామూలు రోజుల్లో స్తంభాల లైన్‌కి సడలింపు అక్కర్లేదు, నిజానికి దాన్నే ఇంకా తొందరగా బాగుచేయొచ్చు. తెగిన చోటు కంటికి కనిపిస్తుంది. భూమిలో అయితే తెగిన చోటు దూరాన్ని కొలిచే ఓటీడీఆర్ యంత్రం ‘4.320 కి.మీ. దగ్గర’ అంటుంది. కానీ అది ఫైబర్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ప్రతి జాయింట్ గుంతలో పది పదిహేను మీటర్ల చుట్ట వదిలి ఉంటారు, అవన్నీ కలిసి తవ్వాల్సిన చోటుని వంద మీటర్లు తప్పిస్తాయి. చుట్టలు ఎక్కడ ఎంత ఉన్నాయో రాసిన పటం లేకపోతే సగం రోజు వెతకడానికే సరి. పెన్నాతీరం గారూ, అప్పగింత సమయంలో ఆ పటం కాపీ ఒకటి మండల కార్యాలయానికి ఇవ్వాలని ఇప్పుడే లేఖ పెట్టండి. పనివాళ్లు మారిపోయాక అడిగితే ఇచ్చేవాళ్లుండరు.

నిధుల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. 2021–26 కాలానికి వర్తించిన 15వ ఆర్థిక సంఘం పద్ధతిలో పంచాయతీ నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు. మిగతా 40 శాతం స్థానిక అవసరాలకి ఇచ్చారు, జీతాలకీ సిబ్బంది ఖర్చులకీ తప్ప. బ్యాటరీ, ఎంసీబీ, ల్యాన్ వైరింగ్ లాంటివి అలా ముడిపెట్టని నిధుల వైపు నుంచే రావాలి. గ్రామ ప్రణాళికలో పని పేరుగా ముందే చేర్చి ఈ-గ్రామ్ స్వరాజ్‌లో (పంచాయతీ పనుల, చెల్లింపుల పోర్టల్) ఎక్కించకపోతే ఆ ఏడాదికి చెల్లింపు కదలదు. ‘డిజిటల్ అభివృద్ధి’ అని మొత్తంగా రాయొద్దు. ‘పంచాయతీ భవనంలో ఓఎన్‌టీకి 60 ఏహెచ్ బ్యాటరీ, ఇన్వర్టర్, ప్రత్యేక ఎంసీబీ, 30 మీటర్ల ల్యాన్ కేబుల్’ అని పరిమాణాలతో రాయండి. అలా రాస్తేనే అంచనా వేసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకం పెడతారు, తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లకి గోడ మీద ఏం ఉండాలో తెలుస్తుంది.